మొగలిపువ్వు చెప్పిన అబద్ధం, తిన్నడు పెట్టిన మాంసం: సువాసనకి నిజాయితీ ఉంటుందా?



ఈ వారం వీడియోలో శ్రీకాళహస్తి వాయులింగం గురించి చెప్పుకున్నాం. గాలి చొరబడే దారి లేని గర్భాలయంలో రెపరెపలాడే దీపం, అర్చకులు కూడా చేత్తో తాకని లింగం, సాలెపురుగు, పాము, ఏనుగుల కథ అన్నీ చూశారు. టైమ్ సరిపోక వదిలేసిన ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

తాతల కాలం నుంచి అత్తరు, ధూపం, అగరుబత్తి చేసే ఇంట్లో పుట్టిన మన వయసు వాళ్ళెవరో ఉన్నారనుకోండి. ఇంటి పద్ధతి చేతిలో ఉంది. కెమిస్ట్రీ కూడా చదువుకున్నారు. ల్యాబ్‌లో తయారైన పరిమళాలు నాలుగు చుక్కలు కలిపి కొత్త రకం సుగంధం చేశారు. ఇది సంప్రదాయాన్ని నిలబెట్టడమా, తాతల పేరు అమ్ముకోవడమా? దాన్ని దేవుడి ముందు వెలిగించొచ్చా?

చూడటానికి ఇది ఒక వ్యాపారం చేసుకునేవాళ్ళ గొడవలా ఉంటుంది. నిజానికి మనందరిదీ ఇదే గొడవ. అపార్ట్‌మెంట్‌లో కిచెన్ పక్కన చిన్న షెల్ఫే పూజగది. ఆఫీసు లాగిన్‌కి ముందు ఐదు నిమిషాల దీపం. పెద్దలు ఇచ్చినదాన్ని మార్చుకుంటూనే బతుకుతున్నాం. ఎంతవరకు మార్చితే అది మనదే? ఎక్కడ దాటితే అబద్ధం అవుతుంది?

గాలికి ఇచ్చేది ధూపం

ముందు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. పంచోపచార పూజలో ఒక్కో ఉపచారం ఒక్కో భూతానికి చెందుతుంది. గంధం పృథ్వికి, పుష్పం ఆకాశానికి, ధూపం వాయువుకి, దీపం అగ్నికి, నైవేద్యం జలతత్త్వానికి, అంటే అమృతానికి. ఈ లెక్కన మనం ఇంట్లో అగరుబత్తి వెలిగించిన ప్రతిసారీ పూజ చేస్తున్నది వాయువుకే. కాళహస్తిలో లింగంగా కూర్చున్నది కూడా ఆ వాయువే.

ఇక్కడొక తమాషా ఉంది. వైశేషిక దర్శనం ప్రకారం వాసన అనే గుణం పృథ్విది మాత్రమే. గాలికి సొంత వాసన లేదు, స్పర్శ మాత్రమే ఉంది. మల్లెల మీదుగా వస్తే మల్లె వాసన, మురికికాలువ మీదుగా వస్తే ఆ వాసన. గాలి మోస్తుంది. తనది కానిదాన్ని తనదని చెప్పుకోదు, మధ్యలో ఏదీ కల్పించదు. భగవద్గీత 15వ అధ్యాయంలో జీవుడు ఒక శరీరం వదిలి ఇంకో శరీరానికి పోయేటప్పుడు ఇంద్రియాలను, మనసును వెంట తీసుకుపోవడాన్ని, గాలి పూల నుంచి వాసనను తీసుకుపోవడంతోనే పోల్చారు.

మన భాషలో కూడా చూడండి. ముక్కుకి తెలిసేదీ వాసనే, పూర్వజన్మ నుంచి మనసుకి అంటుకుని వచ్చేదీ వాసనే. "ఏ జన్మ వాసనో" అని మన అవ్వలు ఊరికే అనరు. పువ్వు పోయాక కూడా దాన్ని కట్టిన దారానికి మిగిలేది వాసన. ఆ మాటకొస్తే కుటుంబ సంప్రదాయం అంటే కూడా అంతే కదా. తాత పోతాడు, ఆయన చేతి గుణం మనవడి చేతిలో మిగులుతుంది.

శివుడు వద్దన్న పరిమళం

ఇప్పుడు రెండు కథలు పక్కపక్కన పెడదాం. రెండూ మీకు తెలిసినవే.

మొదటిది మొగలిపువ్వు కథ. బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని వాదించుకుంటుంటే శివుడు ఆద్యంతాలు లేని అగ్నిస్తంభంగా నిలబడ్డాడు. విష్ణువు వరాహమై కిందికి వెళ్ళి, అంతు దొరకలేదని ఉన్నమాట చెప్పాడు. బ్రహ్మ హంసగా పైకి ఎగిరాడు. ఆయనకీ అంతు దొరకలేదు. దారిలో పైనుంచి రాలుతున్న కేతకి, అంటే మన మొగలిపువ్వు, ఎదురైంది. "నేను పైకొస చూశానని నువ్వు సాక్ష్యం చెప్పు" అన్నాడు బ్రహ్మ. అది సరేనంది. శివుడికి కోపం వచ్చింది. ఆ రోజు నుంచి మొగలిపువ్వు శివపూజకి పనికిరాకుండా పోయింది.

మొగలిపువ్వు వాసన ఎలాంటిదో మీకు తెలుసు. బీరువాలో చీరల మధ్య ఒక్క రేకు పెడితే నెలల తరబడి ఉంటుంది. ఒడిశాలో మన శ్రీకాకుళం సరిహద్దుకి దగ్గర్లో ఉన్న గంజాం జిల్లాలో ఈ పువ్వు నుంచి అత్తరు తీసే పని పెద్ద జీవనాధారం. స్వీట్లలో వేసే కేవ్డా ఎసెన్స్ దీని వాసనే. పరిమళంలో దీనికి లోటేమీ లేదు. తప్పు వాసనలో లేదు, సాక్ష్యంలో ఉంది.

రెండో కథ కాళహస్తిదే. తిన్నడు అనే వేటగాడు. అభిషేకానికి నీళ్ళు నోట్లో పట్టుకొచ్చాడు. పువ్వులు జుట్టులో తురుముకొచ్చాడు. వేటాడిన మాంసం కాల్చి, రుచి చూసి మంచి ముక్కలు ఏరి స్వామి ముందు పెట్టాడు. పొద్దున్నే వచ్చిన పూజారికి ఆ నీచు వాసన భరించలేనిదైంది. అంతా కడిగి శుద్ధి చేసుకున్నాడు. రోజూ ఇదే వరుస. చివరికి స్వామి కంట రక్తం కారితే తిన్నడు తన కన్ను తీసి పెట్టాడు. రెండో కన్ను కూడా ఇవ్వబోతూ, గుర్తు కోసం స్వామి కంటి మీద కాలు ఆనించాడు. అప్పుడు శివుడు అతణ్ణి ఆపి కన్నప్పను చేశాడు. ఇప్పటికీ కాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు కన్నప్ప కొండ మీద ధ్వజారోహణంతోనే మొదలవుతాయి. స్వామి కంటే ముందు భక్తుడికి జెండా.

రెండు కథలూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. శివుడు మంచి వాసనను తోసేశాడు, నీచు వాసనను దగ్గరికి తీసుకున్నాడు. ఆయన ఇష్టపడే పూలు కూడా చూడండి. తుమ్మి, జిల్లేడు, ఉమ్మెత్త. సెంటు కంపెనీ వాళ్ళెవరూ వీటి జోలికి పోరు. ఆయన చూసేది పరిమళం ఎంత గొప్పదని కాదు, అది తెచ్చినవాడి మాట ఎంత నిజమని.

సంప్రదాయం ఎప్పుడు ఆగిపోయింది?

"కథలు బాగున్నాయి, కానీ పాత పద్ధతి మార్చడమే తప్పు కదా" అని ఒక వాదన ఉంది. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఎన్నో తరాలు పరీక్షించి నిలబెట్టినదాన్ని ఒక సీజన్ ఫ్యాషన్ కోసం పాడుచేయడం నిజంగానే జరుగుతోంది. అయితే మన సుగంధ సంప్రదాయం ఎప్పుడైనా కదలకుండా ఒకచోట కూర్చుందా?

6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో సుగంధాల తయారీకి ఒక అధ్యాయమే ఉంది. దాని పేరు గంధయుక్తి. అందులో 16 ద్రవ్యాలు చెప్పి, ఏ నాలుగైనా తీసుకుని కలిపితే ఎన్ని రకాలు వస్తాయో లెక్క కట్టారు. నాలుగేసి చొప్పున ఎంచుకునే దారులే 1,820. ఆ నాలుగింటికీ ఒకటి, రెండు, మూడు, నాలుగు భాగాలుగా పాళ్ళు మారుస్తూ పోతే ఒక్కో ఎంపికకి 24 రకాలు, మొత్తం 43,680. ఇది ఒకే ఫార్ములాని పట్టుకుని మొండికేసే మనిషి లెక్కలా ఉందా? కొత్త కలయికలు వెతుక్కోమని తలుపు తెరిచినట్టుంది.

ఇంకా మన నేల మీదికే వద్దాం. బాపట్ల జిల్లా తీరంలో మోటుపల్లి రేవు ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనంలో విదేశీ వర్తకులకి భరోసా ఇచ్చి, ఏ సరుకుకి ఎంత సుంకమో రాయించాడు. అందులో చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. కర్పూరంలో దేశవాళీ రకం వేరు, చీనా కర్పూరం వేరు. అంటే దాదాపు 800 ఏళ్ళ కిందటే తెలుగు దేశానికి చీనా కర్పూరం ఓడల్లో దిగింది. "మన పాత సరుకు" అనుకునేదాంట్లో సగం ఒకప్పుడు కొత్తగా దిగిన ఇంపోర్టెడ్ సరుకే.

మరో వంద, నూట యాభై ఏళ్ళు ముందుకొస్తే కొండవీడు. 1386 నుంచి 1402 వరకు ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆయనకి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. సింహళం, చీనా దాకా ఓడ వ్యాపారం చేసిన కుటుంబం. రోజూ కొత్త దేశం, కొత్త సరుకు, కొత్త వాసన. అదే మనిషికి శ్రీనాథుడు శివకథల కావ్యం హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. చిన్ననాటి స్నేహితుడని కూడా చెప్పుకున్నాడు. సముద్రం దాటి వచ్చిన సరుకు అమ్మినందుకు ఆయన శివభక్తికి ఎవరూ వంక పెట్టలేదు.

కాబట్టి కొత్తది కలపడం మన దగ్గర ఎన్నడూ పాపం కాదు. కలపడమే ఆ వృత్తి.

ల్యాబ్ అంటే నకిలీ అనా?

మరి సహజమైనది, ల్యాబ్‌లో చేసినది అనే తేడా మాటేమిటి? ఇక్కడ కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మనం రోజూ హారతికి వెలిగించే కర్పూరం ఎక్కడిది? ఒకప్పుడు కర్పూర చెట్టు కలప నుంచి తీసేవాళ్ళు. ఇప్పుడు మార్కెట్లో దొరికేది ఎక్కువగా పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేది. మన అమ్మమ్మలు వెలిగించిన బిళ్ళల్లో కూడా చాలావరకు అవే. హారతి మహిమ తగ్గిందని మనం ఎప్పుడూ అనుకోలేదు.

కస్తూరి సంగతి ఇంకా గట్టిది. అసలు కస్తూరి కోసం సాధారణంగా కస్తూరి జింకను చంపి దాని గ్రంథి కోసేవాళ్ళు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ అనుకోకుండా కస్తూరి వాసన వచ్చే పదార్థం కనిపెట్టాడు. 1926లో లియోపోల్డ్ రుజిచ్కా కస్తూరిలోనూ పునుగులోనూ వాసనకి మూలమైన అణువుల నిర్మాణం తేల్చాడు. ఆ తర్వాత 1939లో ఆయనకి నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి జింక ప్రాణం తీయకుండానే ఆ వాసన మనుషులకి అందుతోంది. అహింస పరమధర్మం అని నమ్మేవాళ్ళం దీన్ని చిన్నచూపు చూడగలమా?

శ్రీగంధం చెట్టు కూడా అంతే. ఐయూసీఎన్ దాన్ని ముప్పు అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. చెట్టు లోపల చేవ, అంటే వాసన ఉండే నడిమి కలప, బలపడటానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. కోట్లమంది రోజుకి రెండు పుల్లలు వెలిగించే దేశంలో ప్రతి పుల్లలోనూ అసలు చందనం ఉండాలంటే ఒక్క చెట్టు కూడా మిగలదు.

ఆలయంలో ఏ ద్రవ్యం వాడాలనేది ఆగమం, అక్కడి సంప్రదాయం నిర్ణయిస్తాయి. అందులో మనం వేలు పెట్టనక్కర్లేదు. కానీ ఇంట్లో పూజకి, ఒంటికి రాసుకునే సెంటుకి సంబంధించినంతవరకు "ల్యాబ్‌లో పుట్టింది కాబట్టి అపవిత్రం" అనే మాట నిలబడదు. ఒక్కోసారి ధర్మం ల్యాబ్ వైపే ఉంటుంది.

లేబుల్ అంటే సాక్ష్యం

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? మళ్ళీ ఆ అత్తరు ఇంటికే వెళ్దాం.

సంప్రదాయంగా అత్తరు తీసే పద్ధతిలో పూలను నీళ్ళతో రాగి పాత్రలో కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపుతారు. కనౌజ్‌లో ఇప్పటికీ చేస్తున్నారు. తొలకరి వాన పడ్డప్పుడు వచ్చే మట్టివాసనను కూడా కాల్చిన మట్టి నుంచి ఇలాగే పట్టి సీసాలో పెడతారు. పృథ్వి గుణం వాసన అని శాస్త్రం చెప్పిన మాట అక్కడ చేతికి అందుతుంది. కానీ చందన తైలం ఖరీదు కొండెక్కాక చాలాచోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ లాంటి చవక నూనెలు వచ్చాయి.

ఇప్పుడు మన కుర్రాడి ముందు నాలుగు దారులున్నాయి. అసలు చందనమే వాడి ఖరీదు పెంచడం. ఆ రకం చేయడం మానేయడం. ఆధారం మార్చి, మార్చానని చెప్పడం. మార్చి, చెప్పకుండా "మా ముత్తాత నాటి అదే అత్తరు, వంద శాతం సహజం" అని సీసా మీద రాయడం. మొదటి మూడూ కష్టమైనవే, మూడూ ధర్మమే. నాలుగోది మొగలిపువ్వు దారి.

ఎందుకంటే లేబుల్ అంటే సాక్ష్యం. కొనేవాడికి సీసా లోపల ఏముందో తెలీదు. పైకొసకి ఎవరు వెళ్ళారో విష్ణువుకి కనిపించనట్టే. మధ్యలో ఒక సాక్షి మాట మీద ఆధారపడాలి. ఆ సాక్షి ఎంత సుగంధంగా ఉంటే అబద్ధం అంత తేలిగ్గా చెల్లిపోతుంది. మొగలిపువ్వు ఘోరమైన హత్యేమీ చేయలేదు. పెద్దవాడు అడిగాడు, ఊఁ అంది. అంతే. మార్కెటింగ్ వాళ్ళు అడిగారు, పోటీవాడు రాస్తున్నాడు, డిస్ట్రిబ్యూటర్ రాయమన్నాడు, ఊఁ అన్నాం. ఇవాళ కూడా అబద్ధం ఇలాగే పుడుతుంది.

ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. రహస్యం వేరు, అబద్ధం వేరు. ఇంటి ఫార్ములాలో ఏది ఎన్ని పాళ్ళో చెప్పకపోవడం తప్పు కాదు, అది ఆ ఇంటి విద్య. లేనిదాన్ని ఉందనడం తప్పు. ఒంటికి పడని పదార్థం ఏదైనా ఉంటే దాన్ని దాచడం ఇంకా పెద్ద తప్పు.

కాళహస్తిలో ఈ పాఠం గుడి బయట కూడా దొరుకుతుంది. అక్కడి కలంకారీ కళాకారులు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీస్తారు. ఒక చీర పూర్తవడానికి వారాలు, నెలలు పడుతుంది. అదే బొమ్మను స్క్రీన్ ప్రింట్ చేసి వందల్లో అమ్మేవాళ్ళూ ఉన్నారు. ప్రింట్ చీర కట్టుకోవడం పాపం కాదు, అందరికీ చేతిపని కొనే స్తోమత ఉండదు. ప్రింట్ చీరను "చేతి కలంకారీ" అని అమ్మితేనే, నెలల తరబడి వంగి గీసినవాడి అన్నం లాక్కున్నట్టు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు ఉన్నది అందుకే. అది కూడా ఒక సాక్ష్యమే.

శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం తెలుసు కదా. పేరులో చందనం ఉంది, శ్రీగంధం పరిమళం మాత్రం లేదు. దాని విలువ రంగులో, కలపలో ఉంది. వాసన లేదని ఆ చెట్టు ఎప్పుడూ దాచుకోలేదు. పేరు పెట్టింది మనం.

కొనేవాళ్ళ వాటా

ఇంతవరకు తయారు చేసేవాళ్ళని నిలదీశాం. ఇప్పుడు మన వంతు.

ఆ కథలో మొగలిపువ్వు ఒక్కటే తప్పు చేయలేదు. అడిగినవాడు ఉన్నాడు. బ్రహ్మకి గెలవాలని ఉంది, అందుకే సాక్షి కావలసి వచ్చింది. మనకి యాభై రూపాయల ప్యాకెట్‌లో అసలు శ్రీగంధం కావాలి. పురాతనమై ఉండాలి, ఆర్డర్ పెడితే రేపటికి రావాలి. సహజమై ఉండాలి, ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలి. ఇవన్నీ ఒకేసారి జరగవని మనకి లోపల తెలుసు. అయినా అలా రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకుంటాం. "ఇందులో చందనం లేదు, చందనం లాంటి సువాసన ఉంది" అని నిజం రాసినవాడి ప్యాకెట్ షెల్ఫ్ మీదే ఉండిపోతుంది. అబద్ధాన్ని అడిగి మరీ కొంటున్నప్పుడు ఆ పాపంలో మనకీ వాటా ఉంటుంది.

నిజం చెప్పి కొత్తది చేయడం కుదరదా అంటే, కుదురుతుంది. కాళహస్తికి పక్కనే తిరుపతిలో, 2021 సెప్టెంబరులో టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు మొదలుపెట్టింది. ఏడుకొండలకి గుర్తుగా ఏడు రకాలు. నిర్మాల్యాన్ని పొడి చేసి పుల్లలకి పట్టించడం తాతల నాటి పద్ధతి కాదు, యంత్రాలతో చేసే కొత్త పనే. కానీ ఇది ఫలానా పూల నుంచి వచ్చిందని మొదటి రోజే అందరికీ చెప్పారు. స్వామి సేవలో వాడిపోయిన పువ్వు మళ్ళీ ధూపమై గాలికి చేరుతోంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి మా జవాబు ఇది. తాతల విద్యకి కొత్త శాస్త్రం కలపొచ్చు, దేవుడి ముందు వెలిగించొచ్చు. తాత నుంచి రావలసింది సీసాలోని ద్రవ్యం ఒక్కటే కాదు. మంచి చెడ్డ కనిపెట్టే ముక్కు, తొందరపడని చెయ్యి, తప్పు సరుకు బయటికి పంపని పట్టుదల కూడా రావాలి. ఆ వాసన వచ్చినవాడు ఏది కలిపినా సంప్రదాయంలోనే ఉన్నట్టు. అది రానివాడు ముత్తాత ఫార్ములాని గ్రాము తేడా లేకుండా కలిపినా బయటే ఉన్నట్టు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పనిలో ఉంటే ఈ మాట వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. లేకపోతే ఈ సోమవారం అగరుబత్తి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి ఒక్కసారి చదవండి. ఉన్నది ఉన్నట్టు రాసినవాడిది ఒకటి కనిపిస్తే, పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. కాళహస్తిలో అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ప్రసూనం అంటే పువ్వు. జ్ఞానం అనే పువ్వు పూసిన చోట అబద్ధపు పరిమళం అవసరం ఉండదు.

వచ్చే వీడియోలో చిదంబరం, ఆకాశలింగం. అక్కడ కలుద్దాం.

ఓం నమః శివాయ.